ఇష్టమైన రెస్టారెంట్లు ఫోన్‌లో ఏరియాల వారీగా: లిస్టు ఎలా సర్దుకోవాలి

పని మీద ఊరికి ఆ చివరకి వెళ్లారు. పని తెమిలేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. వెంట ఉన్నవాళ్లకు ఆకలి, మీకూ ఆకలి. ఈ చుట్టుపక్కలే ఎక్కడో ఒకసారి చాలా బాగా తిన్నట్టు గుర్తు. పేరు నోట్లో ఆడుతోంది కానీ బయటికి రావట్లేదు. ఫోన్ తీసి వెతికితే వందల రేటింగ్‌లు, ఏది నమ్మాలో తెలియదు. చివరికి ఎదురుగా కనిపించిన దాంట్లోకి దూరి, ఏదో తిన్నామనిపించుకుని బయటపడతారు. అసలు పేరు ఇంటికి చేరాక గుర్తొస్తుంది.

లిస్టు కావాల్సింది సరిగ్గా ఆ నిమిషానికి. అందుకే నా లిస్టుకు నేను పెట్టుకున్న పరీక్ష ఒక్కటే. రోడ్డు మీద నిలబడి, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, అర నిమిషంలో "ఇక్కడికి దగ్గర్లో నాకు నచ్చినవి ఏవి?" అన్నదానికి జవాబు దొరకాలి. కింద చెప్పేదంతా ఆ అర నిమిషం కోసమే.

ముందు ఉన్నవన్నీ ఒకచోట కుప్ప పోయండి

మీకు నచ్చిన చోట్ల పేర్లు ఇప్పటికే ఫోన్‌లో ఉన్నాయి, కాకపోతే నాలుగైదు మూలల్లో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. కొత్త లిస్టు మొదలుపెట్టే ముందు వాటిని వెతికి తీయాలి. నోట్స్ యాప్‌లో ఒక ఖాళీ పేజీ తెరిచి, దొరికిన పేరునల్లా అందులో రాసుకుంటూ వెళ్లండి. వరుస గురించి, స్పెల్లింగ్ గురించి ఇప్పుడు పట్టించుకోకండి.

అన్నిటికంటే ఎక్కువ పేర్లు దొరికేది ఫోటోల్లో. కెమెరాకు లొకేషన్ పర్మిషన్ ఇచ్చి ఉంటే, ఫోటో తీసిన చోటు దానిలోనే నమోదై ఉంటుంది. గూగుల్ ఫొటోస్‌లో గానీ, ఐఫోన్ ఫొటోస్‌లో గానీ ఫోటోలను మ్యాప్ మీద చూపించే ఏర్పాటు ఉంది. అది తెరిచి మీరు తిరిగే ఏరియాల మీద జూమ్ చేయండి. ప్లేట్ల ఫోటోలు, పుట్టినరోజు టేబుల్ ఫోటోలు ఎక్కడెక్కడ తీశారో చుక్కల్లా కనిపిస్తాయి. పేరు మర్చిపోయిన చోటు కూడా ఇలా బయటపడుతుంది. ఒక్క జాగ్రత్త: వాట్సాప్‌లో మామూలు ఫోటోలుగా వచ్చినవాటిలో ఈ లొకేషన్ సమాచారం ఉండదు. మీరు తీసినవే పనికొస్తాయి.

తర్వాత చాట్‌లు చూడండి. "ఎక్కడ కలుద్దాం" అనుకున్నప్పుడు పంపుకున్న లొకేషన్ లింకులు గ్రూపుల్లో అలాగే ఉంటాయి. పేమెంట్ మెసేజ్‌లు, టేబుల్ బుక్ చేసిన ఈమెయిళ్లు, ఎప్పుడో తీసి మర్చిపోయిన స్క్రీన్‌షాట్లు కూడా ఒకసారి తిరగేయండి. ఒక గంట చాలు. గంట దాటితే ఆపేయండి, మిగిలినవి దారిలో వాటంతటవే గుర్తొస్తాయి.

ఇప్పుడు ఏరివేత. ఒక్కో పేరు దగ్గర ఆగి, "ఎవరూ రమ్మనకపోయినా, నా డబ్బుతో మళ్లీ వెళ్తానా?" అని అడగండి. వెంటనే అవునని రాకపోతే కొట్టేయండి. ఇక్కడ మొహమాటపడితే లిస్టు చెడిపోతుంది. ఓ మాదిరిగా ఉన్నవన్నీ చేరితే, ఆకలిగా ఉన్నప్పుడు మళ్లీ అదే గందరగోళం.

ఏ యాప్‌లో పెట్టుకోవాలి

దీని కోసం ప్రత్యేకంగా యాప్‌లు కొనాల్సిన పని లేదు. మీరు దారి చూసుకోవడానికి రోజూ వాడే మ్యాప్ ఏదో, లిస్టు కూడా అందులోనే ఉండాలి. వేరే యాప్‌లో ఎంత అందంగా సర్దినా, అవసరం పడినప్పుడు వేలు వెళ్లేది అలవాటైన యాప్ మీదికే.

గూగుల్ మ్యాప్స్‌లో రెస్టారెంట్ కార్డు (పేరు నొక్కితే వచ్చే వివరాల పేజీ) తెరవగానే "సేవ్" బటన్ కనిపిస్తుంది. నొక్కితే ముందే తయారుగా ఉన్న లిస్టులు వస్తాయి: గుండె గుర్తుతో ఫేవరెట్స్, జెండా గుర్తుతో వాంట్ టు గో, నక్షత్రంతో స్టార్డ్ ప్లేసెస్. అక్కడే "న్యూ లిస్ట్" నొక్కి సొంత లిస్టు చేసుకోవచ్చు. సేవ్ చేసినవన్నీ కింద వరుసలో ఉండే "యూ" ట్యాబ్‌లో దొరుకుతాయి. పాత వెర్షన్లలో దాని పేరు "సేవ్డ్". ఐఫోన్ మ్యాప్స్‌లో ఇలాంటి లిస్టుల్ని గైడ్స్ అంటారు. నెట్ సరిగా అందని చోట్ల ఎక్కువగా తిరిగేవాళ్లకు ఆర్గానిక్ మ్యాప్స్ బాగుంటుంది. జనమే కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా నడిచే ఉచిత యాప్ అది. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే తర్వాత నెట్ అక్కర్లేదు, బుక్‌మార్కులను లిస్టులుగా విడదీసుకోవచ్చు, వివరాలు రాసుకోవచ్చు. కాకపోతే కొత్తగా తెరిచిన రెస్టారెంట్లు అందులో కనపడకపోవచ్చు, మీరే గుర్తు పెట్టుకోవాల్సి వస్తుంది.

చోట్లు వందల్లో ఉన్నవాళ్లు గూగుల్ మై మ్యాప్స్ చూడండి, సొంత మ్యాప్‌లు తయారుచేసుకునే సేవ ఇది. కంప్యూటర్ బ్రౌజర్‌లో కూర్చుని చేసుకునే పని అది. స్ప్రెడ్‌షీట్ నుంచి ఒకేసారి 2,000 వరుసల దాకా తీసుకుంటుంది, ఒక మ్యాప్‌లో 10 లేయర్లు (విడివిడి పొరలు) పెట్టుకోవచ్చు. ముప్పై నలభై చోట్లకు ఇదంతా అనవసరం.

ఇక ముందు చెప్పేవి గూగుల్ మ్యాప్స్‌ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. బటన్ల చోటు అప్‌డేట్‌లతో మారుతూ ఉంటుంది గానీ, పద్ధతి ఎక్కడైనా ఒకటే.

సేవ్ చేయాల్సింది పేరును కాదు, బ్రాంచ్‌ను

ఈ సంగతి నాకు ఒక సాయంత్రం పాడయ్యాక తెలిసింది. నాకు బాగా నచ్చిన ఒక రెస్టారెంట్‌కు నలుగురు స్నేహితుల్ని పిలిచి, సేవ్ చేసుకున్న లొకేషన్ పంపాను. అదే పేరుతో ఇంకో బ్రాంచ్ రెండు కిలోమీటర్ల దూరంలో ఉందని, నేను సేవ్ చేసింది దాన్నని నాకు తెలియదు. ఎప్పుడో ఇంట్లో కూర్చుని పేరు టైప్ చేసి, పైన వచ్చిన మొదటి ఫలితాన్ని నొక్కేశాను. దారి అలవాటే కాబట్టి నేను మ్యాప్ చూడకుండా అసలైన చోటికి చేరాను. వాళ్లు నలుగురూ రెండో చోటికి చేరారు. ఫోన్లు చేసుకుని కలుసుకునేసరికి ముప్పావు గంట పట్టింది, పిల్లలు అప్పటికే నీరసపడి ఏడుస్తున్నారు. వాళ్ల మొహాలు చూసినప్పుడు నేను పడిన బాధ ఇప్పటికీ గుర్తుంది.

అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. వీలైనంత వరకు ఆ చోట కూర్చుని ఉన్నప్పుడే సేవ్ చేస్తాను. బిల్లు కోసం ఎదురుచూసే రెండు నిమిషాలు దీనికి సరిగ్గా సరిపోతాయి. మ్యాప్ తెరిస్తే నీలం చుక్క మీరున్న చోటు చూపిస్తుంది. ఆ చుక్క పక్కనే ఉన్న పేరును మ్యాప్ మీదే నొక్కి సేవ్ చేయండి, సెర్చ్‌లో టైప్ చేయకండి. బిల్డింగ్ లోపల నీలం చుక్క అటూ ఇటూ జరగడం మామూలే కాబట్టి, కార్డులో ఉన్న అడ్రస్‌ను బిల్లు మీది అడ్రస్‌తో పోల్చుకోండి. ఇంట్లో కూర్చుని పాతవి ఎక్కిస్తున్నప్పుడైతే వీధి పేరు, పక్కనున్న గుర్తులు చూసి, ఫోటోలు నాలుగు తిరగేసి, అదేనని నమ్మకం కుదిరాకే నొక్కండి.

కొన్ని మంచి చోట్లు మ్యాప్‌లో అసలు ఉండవు. సందు చివర బోర్డు లేకుండా నడిచేవి, రోజూ ఒకేచోట నిలబడే బండ్లు. అలాంటప్పుడు మ్యాప్ మీద ఆ చోట వేలు కాసేపు నొక్కి ఉంచితే పిన్ పడుతుంది. ఆ పిన్‌నీ సేవ్ చేసుకోవచ్చు. పిన్ కార్డులో ప్లస్ కోడ్ అని ఒకటి కనిపిస్తుంది. ఏ చోటునైనా చిన్న కోడ్‌తో గుర్తించడానికి గూగుల్ అందరికీ ఉచితంగా వదిలిన పద్ధతి ఇది. పూర్తి కోడ్‌లో ఎనిమిది అక్షరాలు (అంకెలు కూడా కలిపి), ఒక ప్లస్ గుర్తు, ఆ తర్వాత ఇంకో రెండు అక్షరాలు ఉంటాయి. ఊరి పేరు పక్కన రాస్తే మొదటి నాలుగూ వదిలేయొచ్చు. ఆ పది అక్షరాలు భూమి మీద ఇంచుమించు 14 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న ఒక చదరాన్ని సూచిస్తాయి. ఒక చిన్న కొట్టును గుర్తించడానికి అది చాలు. చదివేటప్పుడు పొరపాటు పడకుండా సున్నా, ఒకటి అంకెలను అందులో వాడలేదు.  బోర్డు లేని చోటుకు నోట్స్‌లో ఈ కోడ్ తప్పకుండా రాసి పెట్టుకోండి.

ఏరియాలుగా విడదీయడం

లిస్టు మొత్తంలో నేను ఎక్కువ ఆలోచించింది దీని గురించే.

చాలామంది పటం చూసి విడదీస్తారు: ఈ వార్డు, ఆ పిన్ కోడ్, తూర్పు, పడమర. చూడ్డానికి పద్ధతిగానే ఉంటుంది. కానీ ఆకలి వేసినప్పుడు ఎవరూ "నేను ఏ వార్డులో ఉన్నాను" అనుకోరు. "ఆఫీసు దగ్గర ఉన్నాను", "ఇంటికి వెళ్లే దారిలో ఉన్నాను", "అత్తయ్య వాళ్లింటికి వచ్చాం", "స్టేషన్‌లో దిగాం" అనుకుంటారు. లిస్టుల పేర్లు కూడా అలాగే ఉండాలి. మీ జీవితం ఏయే చోట్ల చుట్టూ తిరుగుతోందో ఒక కాగితం మీద రాయండి. మహా అయితే ఐదో ఆరో వస్తాయి. ఒక్కోదానికి ఒక్కో లిస్టు.

ఇందులో దారుల్ని మర్చిపోకండి. రోజూ వెళ్లే దారిలో ఇటు పక్క ఉన్న రెస్టారెంట్‌కూ, డివైడర్ అవతల ఉన్నదానికీ దూరం యాభై మీటర్లే అయినా, బండి మీద ఉన్నవాళ్లకు యూటర్న్ తీసుకుని రావాలంటే పావుగంట. మధ్యలో రైలు పట్టాలో, కాలువో ఉంటే ఇంకా కష్టం. మ్యాప్‌లో పక్కపక్కనే కనిపించేవి చేరుకోవడానికి దగ్గర కాకపోవచ్చు. అందుకే "ఇంటికి వచ్చే దారి" అని నాకు విడిగా ఒక లిస్టు ఉంది. అందులో ఎడమ పక్కన ఆగి తీసుకోగలిగినవి మాత్రమే ఉంటాయి.

రెండు ఏరియాల సరిహద్దులో ఉన్నదాన్ని ఎందులో పెట్టాలా అని టెన్షన్ పడకండి, రెండింట్లోనూ పెట్టండి. ఒకే చోటు ఎన్ని లిస్టుల్లో ఉన్నా ఇబ్బంది లేదు.

వేరే ఊళ్లకు మాత్రం ఊరికి ఒక లిస్టు చాలు. ఏడాదికి ఒకసారి వెళ్లే ఊరిని ముక్కలు చేయడం దండగ. ఏ ఊరి లిస్టయినా పదిహేను దాటాక విడదీయడం గురించి ఆలోచిస్తే సరిపోతుంది. రెండేసి చోట్లకు ఒక లిస్టు చొప్పున పెట్టుకుంటే లిస్టుల లిస్టే చాంతాడంత అవుతుంది.

పేరు పెట్టేటప్పుడు చోటు పేరు ముందు రాయండి: "ఆఫీసు - తినడానికి", "స్టేషన్ - తినడానికి". పేరు పొడవైతే స్క్రీన్ మీద చివర తెగిపోతుంది, ముందు ఉన్న మాటే కనిపిస్తుంది. కొత్త లిస్టుకు ఒక ఎమోజీని గుర్తుగా పెట్టుకునే వీలుంది. ఆ ఎమోజీ మ్యాప్ మీద కనిపిస్తుంది కాబట్టి, తినే చోట్ల లిస్టులన్నిటికీ ఒకే గుర్తు పెట్టండి. అప్పుడు ఏ ఏరియాలో మ్యాప్ తెరిచినా మీ రెస్టారెంట్లు ఒక్క చూపులో తెలిసిపోతాయి. మొదట్లో నేను ఒక్కో లిస్టుకు ఒక్కో బొమ్మ పెట్టి, ఏది దేనికో నాకే గుర్తులేక తర్వాత అన్నీ మార్చాను.

ఇంకొకటి. తిన్నవి వేరు, తినాలనుకున్నవి వేరు. ఎవరో బాగుందన్నారని సేవ్ చేసినవన్నీ జెండా గుర్తున్న వాంట్ టు గోలోకి వెళ్లాలి. మీరు వెళ్లి, తిని, నచ్చాకే ఏరియా లిస్టులోకి ఎక్కాలి. ఈ గోడ ఉంటేనే ఏరియా లిస్టు మీద మీకు నమ్మకం ఉంటుంది. ఇల్లు, ఆసుపత్రి, బ్యాంకు లాంటివి కూడా సేవ్ చేసుకుని ఉంటే మ్యాప్ నిండా గుర్తులే అవుతాయి. లిస్టు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, దాన్ని మ్యాప్ మీద కనపడకుండా దాచేయొచ్చు.

నోట్: పేరు కంటే విలువైనది

లిస్టులో ప్రతి చోటు కింద నోట్ రాసుకునే జాగా ఉంటుంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. ఆరు నెలల తర్వాత ఆ పేరు చూసి "దీన్ని ఎందుకు సేవ్ చేశాను?" అనుకుంటారు. నా లిస్టులోని ఒక నోట్ ఉన్నది ఉన్నట్టు ఇది:

"వెనక గేటు నుంచి వెళ్లాలి, ముందు పార్కింగ్ లేదు. రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, అమ్మతో రావద్దు. కిటికీ పక్క టేబుల్ అడగాలి, అక్కడ చప్పుడు తక్కువ. మూడున్నర తర్వాత వంటగది మూసేస్తారు. చివరిసారి: మార్చి."

దీనిలో రుచి గురించి ఒక్క ముక్క లేదు. బాగుంది కాబట్టే లిస్టులో ఉంది, మళ్లీ చెప్పక్కర్లేదు. ఏం తెప్పించుకోవాలో ఒక మాట రాస్తే మంచిదే. కానీ అసలు పనికొచ్చేది ఇలాంటి సమాచారమే: ఎలా లోపలికి వెళ్లాలి, ఎవరితో వెళ్లొచ్చు, ఎప్పుడు మూసి ఉంటుంది. యాప్‌లో కనిపించే టైమింగ్స్ ఒక్కోసారి పాతవి అయి ఉంటాయి. మీరు వెళ్లి తలుపు మూసి ఉండడం చూసిన రోజు నోట్‌లో రాయండి. ఇంట్లో ఎవరికైనా ఫలానాది పడదంటే, ఆ సంగతి నోట్‌లో మొదటి మాటగా ఉండాలి.

నోట్ అదే రోజు రాయాలి. మర్నాటికి "బాగుంది" అన్న మాట తప్ప ఏమీ గుర్తుండదు. రాసే ఓపిక లేకపోతే కీబోర్డు మీద మైక్ నొక్కి తెలుగులో చెప్పేయండి, తప్పులున్నా మీకు అర్థమైతే చాలు. ఒక చోటు రెండు లిస్టుల్లో ఉంటే నోట్ ఒకదాంట్లో రాసి, రెండోదాంట్లో "ఫలానా లిస్టు చూడు" అని పెట్టండి. రెండు చోట్లా రాస్తే ఒకటి మార్చి ఇంకోటి మర్చిపోతాం.

నెట్ లేనప్పుడు, ఫోన్ పోయినప్పుడు

ప్రయాణానికి ముందు రోజు వైఫై మీద ఉన్నప్పుడే ఆ ఏరియా మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి. ప్రొఫైల్ బొమ్మ నొక్కితే ఆఫ్‌లైన్ మ్యాప్స్ ఉంటుంది. డౌన్‌లోడ్ చేసిన మ్యాప్‌కు గడువు ఉంటుంది, పాతదైతే అప్‌డేట్ చేసుకోవాలి. దీంతోపాటు ఆ ఊరి లిస్టును పేర్లు, వీధి, ఫోన్ నంబర్లతో నోట్స్ యాప్‌లో మామూలు అక్షరాలుగా ఒక కాపీ పెట్టుకోవడం నా అలవాటు. దానికి పట్టేది పది నిమిషాలు, మ్యాప్ మొరాయించిన రోజున ఆ కాపీయే దిక్కు.

ఏడాదికి ఒకటి రెండుసార్లు లిస్టు మొత్తాన్ని బయటికి తీసి దాచుకోండి. గూగుల్‌లో ఉన్న మీ సమాచారాన్ని డౌన్‌లోడ్ చేసుకునే సేవ గూగుల్ టేక్అవుట్. అందులో "సేవ్డ్" ఎంచుకుంటే ఒక్కో లిస్టు ఒక్కో సీఎస్‌వీ ఫైలుగా (స్ప్రెడ్‌షీట్‌లో తెరుచుకునే ఫైలు) వస్తుంది. పేరు, మీ నోట్, మ్యాప్ లింక్ అందులో ఉంటాయి. నక్షత్రం పెట్టినవి మాత్రం టేక్అవుట్‌లో వేరే విభాగంలో వస్తాయి. రెస్టారెంట్లకు నక్షత్రం వాడకుండా సొంత లిస్టులే వాడమనడానికి ఇది కూడా ఒక కారణం. ఆ ఫైళ్లను స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి, ఏరియా అని ఒక కాలమ్ చేర్చి ఫిల్టర్ పెడితే, రేపు మ్యాప్ యాప్ మార్చినా మీ సేకరణ మీ దగ్గరే ఉంటుంది.

ఇంట్లోవాళ్లతో పంచుకోవడం

లిస్టును లింక్‌తో పంపొచ్చు, వాళ్లు కూడా చేర్చేలా అనుమతి ఇవ్వొచ్చు. ఇంట్లో ఇద్దరూ కలిసి ఒకే లిస్టు నడిపితే చాలా బాగుంటుంది, ఒకరు మర్చిపోయింది ఇంకొకరు చేరుస్తారు. పంపే ముందు నోట్లు ఒకసారి చదువుకోండి, లిస్టు అందుకున్నవాళ్లకు అవీ కనిపిస్తాయి. "ఫలానా వాళ్లతో వచ్చి గొడవైంది" లాంటివి ఉంటే తీసేయండి. ఇంటి అడ్రస్ తెలిసిపోయేలా "ఇంటి పక్క" లాంటి పేర్లున్న లిస్టుల్ని పబ్లిక్ చేయకండి.

లిస్టును తాజాగా ఉంచడం

దీనికి ప్రత్యేకంగా రోజు కేటాయించక్కర్లేదు. ఎవరి కోసమైనా ఎదురుచూస్తూ ఖాళీగా కూర్చున్నప్పుడు ఒక ఏరియా లిస్టు తెరిచి, పైనుంచి కిందికి చూడండి. "చివరిసారి" అని రాసిన నెల చాలా పాతదైతే ఫోన్ చేసి కనుక్కోండి, లేదా ఈసారి అటు వెళ్లినప్పుడు ఆగండి. వంటవాడు మారి రుచి పోయిందనిపిస్తే, ఇంకొక్కసారి వెళ్లి చూసి, అప్పటికీ అలాగే ఉంటే తీసేయండి. ఒక్క చెడ్డ రోజుకే తీసేయడం న్యాయం కాదు.

మూతపడిన వాటికి మ్యాప్‌లో శాశ్వతంగా మూసివేశారని ఎర్ర అక్షరాల్లో కనిపిస్తుంది. చూసినప్పుడు మనసు చివుక్కుమంటుంది. వాటిని ఏరియా లిస్టు నుంచి తీసి, "మూతపడ్డవి" అని ఒక లిస్టులో వేసి, దాన్ని మ్యాప్ మీద కనపడకుండా దాచాను. నోట్లు మాత్రం చెరపలేదు. అలా మూతపడిన ఒకటి, ఏడాది తర్వాత వేరే ఏరియాలో వేరే పేరుతో తెరుచుకుందని అక్కడ పనిచేసినతను చెప్పాడు. వెళ్లి తిన్నాను, అదే చెయ్యి. పాత నోట్ కాపీ చేసి, కొత్త లొకేషన్ కింద అతికించి, బ్రాకెట్‌లో పాత పేరు రాసుకున్నాను.